నాలుగు బండ్ల కేసు పట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. సీనియర్ దగ్గర నుంచి బయటికి వచ్చావట. సొంతంగా వేసిన మొదటి వకాలతే జాతీయ రహదారి మీద, పొగమంచులో, ఒకదాని వెనక ఒకటి గుద్దుకున్న నాలుగు బండ్ల కేసట. వినగానే సంతోషంతో కాసేపు మాట రాలేదు. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఇవే కేసులు చూసినవాణ్ణి. ఇందులో కాలు ఎక్కడ జారుతుందో నాకు తెలుసు. నేను జారాను కనుక.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. ఎఫ్ఐఆర్, పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఆదాయానికి రుజువు అన్నీ సేకరించుకో. పరిహారం పిటిషన్ మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద. 1994లో ఎత్తేసిన గడువు 2019 సవరణతో మళ్లీ వచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. దాని మీద కోర్టుల్లో సవాళ్లు ఉన్నాయని ధీమాగా కూర్చోకు. పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని కొత్త నియమాలు చెబుతున్నాయి. ఇస్తారులే అని ఇంట్లో ఉండకు, స్టేషనుకు వెళ్లి అడుగు.

ఇక అసలు సంగతి. ఇది ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అప్పటికి నా ప్రాక్టీసు ఎనిమిదేళ్లు. కుట్టుపని చేసుకునే ఒకామె కేసు నా దగ్గరికి వచ్చింది. రాత్రివేళ జీపులో వెనక సీట్లో కూర్చుంది. టైరు పంక్చరై, లైటూ రాయీ ఏదీ గుర్తు పెట్టకుండా రోడ్డు మీదే నిలిపేసిన లారీని జీపు గుద్దింది. లోపలివాళ్లు తేరుకుని దిగేలోపే వెనక నుంచి ఇంకో లారీ వచ్చి జీపును నలిపేసింది. ఆమె కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. జీపు డ్రైవరు ఇచ్చిన ఫిర్యాదు మీద ఎఫ్ఐఆర్ కట్టారు. అందులో తప్పంతా వెనక లారీదే. నేను ఆ ఎఫ్ఐఆర్‌ను చదివి, ఆ లారీ యజమానినీ, దాని బీమా కంపెనీనీ ప్రతివాదులుగా రాసుకున్నాను. జీపు బీమా కంపెనీని చేర్చుదామా అని ఒక్కసారి అడిగాను. "డ్రైవరు మా ఊరివాడే, పాపం, అతని మీద కేసెందుకు సార్" అంది. తలూపాను. పరిహారం కట్టేది అతని జేబులోంచి కాదు, బీమా కంపెనీ కడుతుందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలేవి. ఆ రెండు నిమిషాలు నేను ఖర్చు పెట్టలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. ఆమె తమ్ముడు ఆసుపత్రి గేటు దగ్గర నన్ను ఆపి, మందుల షాపు బిల్లు ఒకటి నా చేతిలో పెట్టాడు. వెనక వైపు నీలం సిరాతో ఒక నంబరు. "ముందు ఆగి ఉన్న లారీ ఇదేనండీ, పోలీసులు వచ్చేలోపే వెళ్లిపోయింది" అన్నాడు. సరే బాబూ అని ఫైలు అట్టలో దోపాను. ఆ తర్వాత దాన్ని తీసి చూడలేదు.

రెండేళ్లకు బీమా కంపెనీ అధికారి బోనులోకి వచ్చి, ప్రీమియం చెక్కు బౌన్స్ అయిందనీ, పాలసీ రద్దు చేసి ఆ సంగతి యజమానికీ రవాణా కార్యాలయానికీ ప్రమాదానికి ముందే తెలియజేశామనీ కాగితాలతో సహా నిరూపించాడు. కంపెనీకి బాధ్యత లేదని తేలిపోయింది. అవార్డు, అంటే ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారం తీర్పు, యజమాని ఒక్కడి మీదే వచ్చింది. అతనికి ఆ లారీ తప్ప ఆస్తి లేదు. దాన్నీ ఫైనాన్సు వాళ్లు పట్టుకుపోయారు. 174వ సెక్షన్ కింద కలెక్టరుకు వసూలు పత్రం పంపించాం. ఒక్క రూపాయి రాలేదు.

నా ఆఫీసు మేడ మీద ఉండేది. ఆమె చంకకర్రలతో ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేది. ఆ చప్పుడు కింద మొదలవగానే నా చేతిలో కలం ఆగిపోయేది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తమ్ముడు మాత్రం ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "సార్, అప్పుడు నేనిచ్చిన చీటీ ఏమైంది?" అని అడిగాడు. అప్పుడు వెతికాను. ఉంది. రెండు వానాకాలాల చెమ్మకు సిరా పాకిపోయి, చివరి రెండు అంకెలూ నీలం మరకలో కలిసిపోయాయి. జీపు సంగతి చూద్దామంటే అది అప్పటికి రెండు చేతులు మారింది, పాత పాలసీ వివరం ఎవరి దగ్గరా దొరకలేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ, నీ కేసులో పిటిషన్ ముట్టుకోకముందు ఒక తెల్ల కాగితం తీసుకో. మొదటి దెబ్బ ఎవరు ఎవరికి కొట్టారు, రెండోది ఏ వైపు నుంచి, మూడోది ఎప్పుడు, నీ క్లయింటుకు ఏ ఎముక ఏ దెబ్బకు విరిగింది, వరుసగా బొమ్మ గీయి. ఎఫ్ఐఆర్ అనేది ఆ గందరగోళంలో మొదట నోరు విప్పిన మనిషి మాట మాత్రమే. నాలుగు బండ్లూ, ఆగకుండా వెళ్లిపోయిన ఐదోది ఉంటే అదీ, నీ కాగితం మీదికి రావాలి. టోల్ గేటు కెమెరా దృశ్యాలూ, ఫాస్టాగ్ నమోదులూ, రహదారి సహాయ నంబరు 1033కు వచ్చిన ఫోన్ల వివరాలూ భద్రపరచమని రహదారి సంస్థకు వెంటనే లేఖ ఇచ్చి రసీదు తీసుకో. నాకు బిల్లు వెనక దొరికిన నంబరు నీకు వాటిలో దొరుకుతుంది, అవి చెరిగిపోకముందే అడిగితే. ఢీకొట్టి పారిపోయిన బండి ఆచూకీ లేకపోతే 161వ సెక్షన్ పథకం కింద తీవ్ర గాయానికి దక్కేది 50,000 రూపాయలే. నంబరు దొరికితే లెక్కే వేరు. నంబరు కొట్టి ప్రభుత్వ వాహన వివరాల వెబ్‌సైటు పరివాహన్‌లో ప్రతి బండికీ ప్రమాదం నాటికి బీమా ఉందో లేదో చూడు.

అన్ని బండ్లనూ ఎందుకు చేర్చాలో నీకు తెలుసు. 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఇద్దరు ముగ్గురి నిర్లక్ష్యం కలిసి మూడో మనిషిని గాయపరిస్తే, అతను మొత్తం పరిహారాన్ని వాళ్లలో ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చు. వాటాలు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. ఆ తీర్పు నా తప్పు తర్వాత వచ్చిందని నన్ను నేను సమర్థించుకోలేను, ఆ సూత్రం అప్పటికీ పాతదే. ఇలా పలువురి నిర్లక్ష్యం కలిసే కాంపోజిట్ నెగ్లిజెన్స్‌నూ గాయపడినవాడి సొంత తప్పూ ఉండే కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్‌నూ కలిపేసి, నీ డ్రైవరుదీ తప్పే కదా, పరిహారం తగ్గించండి అని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. ప్రయాణికుడికి డ్రైవరు తప్పు అంటగట్టి కోత పెట్టడానికి వీల్లేదని 2024లో సుష్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ రోడ్డు మీద ఆపిన ట్రక్కును కారు గుద్దిన కేసే. ఆ తీర్పు ప్రింటు తీసి ఫైలులో పెట్టుకో.

ఇప్పుడు నీ మీద నా కోపం. ఆ నాలుగు బండ్లలో ఒకటైన కారును నడిపిన భర్తకూ, పక్కన కూర్చున్న భార్యకూ, వెనక ఉన్న కుర్రవాడికీ ముగ్గురికీ నువ్వే వకాలతు వేశావట! భార్యా, ఆ కుర్రవాడూ అడగాల్సిన వాళ్లలో ఆ కారు బీమా కంపెనీ కూడా ఉంది. అంటే భర్త నిర్లక్ష్యం కూడా ఉందని నువ్వే వాదించాలి. అటు తిరిగి అతని తరఫున అతని తప్పేమీ లేదని కూడా నువ్వే వాదిస్తావా? ఏ నోటితో? ముగ్గురినీ కూర్చోబెట్టి సంగతి విప్పి చెప్పి, భర్త కేసును వేరే లాయరుకు అప్పగించు. ఫీజు పోతుందని బాధపడకు. ఫీజు అంటే గుర్తొచ్చింది, వచ్చిన డబ్బులో ఇంత శాతం అని ఎవరితోనూ ఒప్పందం చేసుకోకు. బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఆసుపత్రి వరండాలో తిరిగి కేసులు తెచ్చిపెడతామనేవాళ్లు నీ గుమ్మం తొక్కకూడదు. నీ వయసులో ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలియకపోలేదు.

వెనక ఉన్న కుర్రవాడు వడ్రంగి అని మీ అమ్మ చెప్పింది. కుడి మోచేయి వంగడం లేదట. వైద్యుడు 30 శాతం వైకల్యం అని రాసిస్తే అదే లెక్కగా పిటిషన్‌లో దించకు. చేతికి ఎంత శాతం అన్నది వేరు, పనికి ఎంత శాతం అన్నది వేరు అని 2010లో రాజ్ కుమార్ కేసు తేల్చింది. చేయి పోయిన వడ్రంగికీ గుమాస్తాకూ నష్టం ఒకటి కాదు. నెలకు 20,000 సంపాదించే 28 ఏళ్లవాడనుకో. ఏడాదికి 2,40,000. స్వయం ఉపాధి, నలభై లోపు వయసు కనుక భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 3,36,000. ఆ వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది నష్టాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 17. నష్టం 30 శాతం అంటే 17,13,600. ఆ చేతితో రంపం పట్టలేడని, పనిలో 80 శాతం పోయిందని రుజువు చేస్తే 45,69,600. మధ్యనున్న తేడా అతని పిల్లల చదువు. అందుకని వైద్యుణ్ణి సాక్షిగా పిలిపించు. ఆ కుర్రవాణ్ణి ఒకసారి అతని కొట్టుకు తీసుకెళ్లి, చిత్రిక పట్టుకోమని చూడు. ఎక్కడ ఆగిపోతుందో నీ కళ్లతో చూస్తే వైద్యుణ్ణి అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

బీమా కంపెనీ లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తుంది. మంచిదే, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడ కుదిరిన అవార్డు మీద అప్పీలు లేదు. ఎముకలో రాడ్డు ఉండగా, రెండో ఆపరేషన్ మిగిలి ఉండగా సంతకం పెట్టించకు. పిటిషన్ మాత్రం త్వరగా వేయి, రాజీ నిదానంగా మాట్లాడు.

స్థలం చూడటానికి వెళ్తావని తెలుసు, వెళ్లాలి కూడా. పొగమంచు వేళ మాత్రం వద్దు. ఎండ వచ్చాక వెళ్లు, గుమాస్తాను తోడు తీసుకెళ్లు, డివైడరు దగ్గర నిలబడి ఫొటోలు తీయకు. కోర్టు పని ఎంత ఉన్నా రాత్రుళ్లు బండి నడపకు. మీ అమ్మ పైకి అనదు గానీ నువ్వు ఇల్లు చేరేదాకా కూర్చునే ఉంటుంది.

ఆ బిల్లు ఇప్పటికీ నా డైరీలో ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను. ఈ ఉత్తరం అందగానే నువ్వు గీసిన బొమ్మ, నాలుగు బండ్ల నంబర్లూ, పాలసీల తేదీలూ నాకు పంపు. ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ చూస్తాను.

మీ మామయ్య