లేఓవర్ తొమ్మిది గంటలు: చేతికి మిగిలేవి ఎన్ని?

తొలిసారి విదేశానికి బయలుదేరేవారు టికెట్టు మీద తొమ్మిది గంటల లేఓవర్, అంటే ఒక విమానం దిగి మరో విమానం ఎక్కేలోగా ఆగవలసిన సమయం, కనబడగానే, ఆలోగా ఊరు చూసి రావచ్చునా అని అడుగుతారు. అంతకంటే ముందు, ఆ తొమ్మిదింటిలో మన చేతికి మిగిలేవి ఎన్నో లెక్క వేసుకోవాలి. విమానం దిగడం, మళ్లీ భద్రతా తనిఖీ, టెర్మినల్ మారడం, బయలుదేరే వేళకు ముందే గేటు మూసివేయడం, ఇవన్నీ అందులోంచే పోతాయి. అబుదాబి మీదుగా అమెరికా వెళ్లేవారికి 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతున్నది కనుక, ఆ వరుసకూ సమయం ఉంచుకోవాలి. అలా ముందే తనిఖీ కాకుండా అమెరికాలోనే విమానం మారవలసి వస్తే, తొలి విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, వాటిని తిరిగి అప్పగించాలి. అక్కడ విశ్రాంతి సంగతి తరువాతి మాట.

బయటికి వెళ్లడం వీసాను బట్టి ఉంటుంది. సింగపూర్‌లో 2019లో తెరిచిన జ్యువెల్ అనే భవనంలోని నలభై మీటర్ల జలపాతం విమానాశ్రయంలోనే ఉన్నదని వీడియోలు చూసినవారు అనుకుంటారు, కానీ అది ఇమిగ్రేషన్‌కు ఆవలి వైపున ఉంది. భారత పాస్‌పోర్టుతో అక్కడికి చేరాలంటే వీసా గాని, కొన్ని దేశాల వీసాలు ఉన్నవారికి షరతులతో ఇచ్చే ట్రాన్సిట్ (దారి మధ్యలో ఆగే) సౌకర్యం గాని అవసరం. లోపలే ఉండిపోయినా లోటేమీ లేదు, మూడవ టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉంది, ఉచితంగా సినిమా చూడవచ్చు. దోహాలో 2022లో ఏర్పాటైన లోపలి వనం, పడుకోవడానికి నిశ్శబ్ద గదులు ఉన్నాయి. లండన్ మీదుగా వెళ్లేవారు మాత్రం, బయట అడుగు పెట్టకపోయినా ట్రాన్సిట్ వీసా అవసరమేమో బయలుదేరకముందే చూసుకోవాలి. చెల్లుబాటయ్యే అమెరికా, కెనడా వీసాల వంటివి ఉన్నవారికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది.

నా మట్టుకు నేను మొదటి ప్రయాణంలో నిద్రకే ఓటు వేస్తాను. అయితే ఎప్పుడు నిద్రపోవాలన్నది చేరబోయే ఊరి గడియారాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. అక్కడ రాత్రి అయితే పడుకోండి, పగలయితే కూర్చోకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. ఏళ్ల క్రితం సింగపూర్‌లో నేను చేతి గడియారాన్ని మార్చకుండా, బోర్డింగ్ పాస్ మీద ఉన్న వేళకే అలారం పెట్టుకుని పడుకున్నాను. అక్కడి కాలం మనకంటే రెండున్నర గంటలు ముందు కనుక అది మోగేసరికి విమానం వెళ్లిపోయి ఉండేది. పక్కన కూర్చున్న పెద్దాయన తట్టి లేపారు. నెట్‌వర్క్ అందని ఫోను కూడా పాత కాలమే చూపుతూ ఉండవచ్చు, దాన్నీ నమ్మకండి. చాలా పెద్ద విమానాశ్రయాల్లో మైకులో పిలవడం తగ్గించారు, గేటు మారినా తెర మీద మాత్రమే కనిపిస్తుంది, కాబట్టి పడుకునే ముందొకసారి, లేచాక ఒకసారి చూడండి.

దోహా, దుబాయ్, సింగపూర్‌లలో చదరపు మూడు కాళ్ల బ్రిటిష్ ప్లగ్గే వాడతారు, అడాప్టర్ దగ్గర ఉంచుకోండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. వంద వాట్-అవర్ల లోపు, అంటే దాదాపు ఇరవై ఏడు వేల ఎంఏహెచ్ లోపు, ఉన్నది తీసుకోండి. కొన్నిచోట్ల వైఫైకి ఓటీపీ అడుగుతారు, మన సిమ్ పనిచేయకపోతే అది అందదు, అందుకని చదవాలనుకున్నవి, చూడాలనుకున్నవి ఇంట్లోనే దింపుకోవడం మేలు. డ్యూటీ ఫ్రీలో కొన్న అత్తరు సీలు సంచిని దారిలో విప్పితే, తరువాతి తనిఖీలో వంద మిల్లీలీటర్లు మించిన సీసా చేజారుతుంది.

చివరి గంటన్నర మాత్రం గేటు దగ్గరే గడపండి. ముఖం కడుక్కుని, ప్రవేశ పత్రాలూ, దిగబోయే ఇంటి చిరునామా రాసిన కాగితమూ పైకి తీసి పెట్టుకోండి.