‘వద్దు’ అన్న మనిషిని చూపించు: రోమ్ మీద నవల రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు అందాయి. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. రోమన్ రిపబ్లిక్ మీద తెలుగులో ఒక మంచి నవల చదవాలని నాకు చాలా ఏళ్లుగా ఆశ. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను. నొచ్చుకోకు.

మొదటి నాలుగు పేజీల్లో పదవులన్నీ వరసగా చెప్పుకుంటూ పోయావు. క్వెస్టర్ ఖజానా చూస్తాడు, ఈడైల్ బజార్లూ ఉత్సవాలూ చూస్తాడు, ప్రీటర్ తీర్పులు చెబుతాడు, కాన్సల్ సైన్యాన్ని నడుపుతాడు. ఇందులో తప్పేమీ లేదు. కానీ పాఠకుడు రెండో పేజీ దాటడు. ఏ పదవిలో ఉన్నవాడు ఏం చేయగలడో చెప్పావు గానీ, వాణ్ణి ఎవరు ఆపగలరో చెప్పలేదు. రోమ్ రాజకీయం ప్రాణమంతా ఆ ఆపడంలోనే ఉంది.

క్రీ.పూ. 509లో రాజుని వెళ్లగొట్టామని రోమన్లు చెప్పుకునేవాళ్లు. మళ్లీ అధికారమంతా ఒక్కడి చేతికి పోతుందేమోనన్న భయం వాళ్లని ఆ తర్వాత వందల ఏళ్లు వదల్లేదు. అందుకే కాన్సల్ పదవిలో ఇద్దరిని పెట్టారు, అదీ ఏడాదికే. ఒకడు చేసేదాన్ని రెండోవాడు ఆపొచ్చు. కాన్సల్ నడుస్తుంటే ముందు పన్నెండు మంది లిక్టర్లు అనే భటులు బెత్తాల కట్టలు భుజాన మోస్తూ నడిచేవాళ్లు. నగరం బయట ఆ కట్టలో గొడ్డలి ఉండేది. నగర హద్దు దాటి లోపలికి వచ్చేటప్పుడు గొడ్డలి తీసేయాలి. ఎందుకంటే నగరంలో పౌరుడికి మరణశిక్ష వేస్తే, అతను ప్రజలకి అప్పీలు చేసుకోవచ్చు. నీ నాలుగు పేజీలూ కొట్టేసి, కట్టలోంచి గొడ్డలి బయటికి లాగే ఒక్క దృశ్యం రాసి చూడు. కాన్సల్ అంటే ఎవరో, అతని హద్దేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ట్రిబ్యూన్లకి, అంటే సామాన్య జనం తమ రక్షణ కోసం ఎన్నుకునే ప్రతినిధులకి, నువ్వు అర పేజీ కూడా ఇవ్వలేదు. నీ రాతలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. వాళ్లు పది మంది. సైన్యం లేదు, ముందు నడిచే లిక్టర్లు లేరు. ట్రిబ్యూన్ మీద చెయ్యి వేసినవాణ్ణి బతకనివ్వమని సామాన్య జనం చేసిన ప్రమాణం ఒక్కటే వాళ్లకి కాపలా. రాత్రిపూట నగరం విడిచి ఉండకూడదు. ఇంటి తలుపు వేసుకోకూడదు, ఏ వేళప్పుడు ఎవరు సాయం అడగడానికొచ్చినా లోపలికి రాగలగాలి. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఒక మాట. వీటో అంటే లాటిన్‌లో ‘వద్దంటున్నాను’ అని.

ఇప్పుడు క్రీ.పూ. 133కి రా. టైబీరియస్ గ్రాకస్ ట్రిబ్యూన్. ప్రభుత్వ భూమి ఒక మనిషి చేతిలో 500 యూగెరాలు, అంటే మన లెక్కలో సుమారు 300 ఎకరాలు, దాటి ఉండకూడదనీ, మిగిలింది పేదలకి పంచాలనీ చట్టం తెచ్చాడు. పెద్ద భూస్వాములు మార్కస్ ఆక్టేవియస్ అనే తోటి ట్రిబ్యూన్ చేత ‘వద్దు’ అనిపించారు. చట్టం ఆగిపోయింది. టైబీరియస్ అంతకుముందు ఎవరూ చేయని పని చేశాడు: ఆక్టేవియస్‌ని పదవిలోంచి తీసేయమని జనాన్నే ఓటు అడిగాడు.

జనం గణాలుగా విడిపోయి ఓటేసేవాళ్లు, గణానికి ఒక ఓటు. ఓటేయాల్సిన గణాలు 35. పదిహేడు గణాలు తీసేయమన్నాయి. ఇంకొక్కటి అంటే చాలు. అక్కడ టైబీరియస్ ఓటింగ్ ఆపాడు. ఆక్టేవియస్‌ని కౌగిలించుకుని, ముద్దుపెట్టుకుని, అంతమంది ముందు బతిమాలాడు. ఆక్టేవియస్‌కి కళ్లనీళ్లు తిరిగాయి, చాలాసేపు నోట మాట రాలేదు. తర్వాత, ఒక పక్కన గుంపుగా నిలబడి ఉన్న ఆస్తిపరుల వైపు చూశాడు. ‘నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో’ అన్నాడు. ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత చెప్పిన కథ ఇది.

తమ్ముడూ, ఆ చూపు రాయి. నీ మూడో అధ్యాయంలో ఆక్టేవియస్ డబ్బుకి అమ్ముడుపోయిన దుర్మార్గుడు. అంత తేలిగ్గా తేల్చేయకు. అతనికి టైబీరియస్‌తో స్నేహం ఉంది, ఆ చట్టం వల్ల పోయే భూమి తనకీ ఉంది, వెనక తన వర్గం వాళ్లు చూస్తున్నారు. ఆ మనిషి ఆ నిమిషంలో ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించు.

నా మటుకు నాకు టైబీరియస్ చట్టం న్యాయమైనదే. కానీ తోటి ట్రిబ్యూన్‌ని దింపేసిన రోజు, తనని కాపాడే గోడనే తన చేత్తో పడగొట్టుకున్నాడు. ఇంకో ట్రిబ్యూన్ ‘వద్దు’కి విలువ లేకపోతే, ట్రిబ్యూన్ ఒంటి మీద చెయ్యి వేయకూడదన్న మాటకి మాత్రం విలువ ఎందుకుంటుంది? అదే ఏడాది రెండోసారి ఎన్నికకి నిలబడితే, నాసికా అనే ప్రధాన పూజారి ముందు నడవగా సెనేటర్లు బల్లల కాళ్లు విరిచి పట్టుకొచ్చి అతన్ని కొట్టి చంపారు. అతనితో పాటు 300 మందికి పైగా పోయారు. శవాల్ని టైబర్ నదిలో పడేశారు. దీన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. కత్తులు కావు, బల్లల కాళ్లు. చట్టాల మీద సలహాలు చెప్పే పెద్దమనుషులు చేతికి దొరికిన కట్టె పట్టుకున్నారు. అక్కడ ఆగు, పాఠకుణ్ణీ ఆపు.

మాటల ఎంపిక దగ్గర కూడా జాగ్రత్త. సెనేట్‌ని పార్లమెంట్ అన్నావు. సెనేట్ చట్టాలు చేయదు, సలహా చెబుతుంది. ఆ సలహా కాదనడానికి మామూలుగా ఎవరికీ ధైర్యం చాలదు, అది వేరే సంగతి. చట్టాలు చేసేది జనం కూడిన సభలు. కాన్సల్‌ని ఎన్నుకునే సభలో 193 ఓటు బృందాలు ఉండేవి, డబ్బున్న బృందాలు ముందు ఓటేసేవి, సగం దాటగానే లెక్క ఆపేసేవాళ్లు. పేదవాడి వంతు వచ్చేసరికి ఫలితం తేలిపోయేది. ‘నియంత’ అన్న మాట కూడా మార్చు. పాత రోమ్‌లో డిక్టేటర్ అంటే ఆపద వచ్చినప్పుడు చట్ట ప్రకారం నియమించే మనిషి, గడువు ఆరు నెలలు. ఆ పదవికి గడువే లేకుండా చేసింది తర్వాత వచ్చిన సుల్లా అనే సేనాని. డిక్టేటర్ అనే ఉంచితే, ఆ మాట నీ నవల్లో మెల్లగా చెడిపోవడం పాఠకుడు తన కళ్లతో చూస్తాడు.

ఇంకో పెద్ద లోపం, నీ పాత్రలన్నిటికీ భవిష్యత్తు తెలుసు. క్రీ.పూ. 63లోనే నీ సీజర్ చక్రవర్తిలా నడుస్తున్నాడు. ఆ ఏడాది అతను అప్పుల్లో మునిగి, ప్రధాన పూజారి పదవికి తనకంటే ఎంతో పెద్దవాళ్ల మీద పోటీ చేశాడు. ఎన్నిక రోజు పొద్దున గుమ్మం దగ్గర తల్లిని ముద్దుపెట్టుకుని, గెలిస్తేనే తిరిగొస్తాను, లేకపోతే రాను అని వెళ్లాడు. అతన్ని తోసింది ఆ అప్పు. ఎన్నికకి ఖర్చు పెట్టు, పదవి ముగిశాక ఏదో ఒక ప్రాంతానికి గవర్నర్‌గా వెళ్లు, అక్కడి జనం దగ్గర రాబట్టుకో. పదవిలో ఉన్నన్నాళ్లు కేసు పెట్టలేరు, దిగిన మర్నాడు పెడతారు. అందుకే దిగడానికి భయం. ఈ లెక్క కథలో పెట్టు చాలు. మన ఎన్నికలతో పోలిక చెప్పే వాక్యాలు మాత్రం కొట్టేయి. తెలుగు పాఠకుడు చెప్పకుండానే పోల్చుకుంటాడు.

రేపు ఏమవుతుందో తెలియని మనుషులు ఎలా మాట్లాడతారో వినాలంటే సీజర్ కాలం నాటి వక్త, రాజకీయ నాయకుడు సిసెరో ఉత్తరాలు చదువు. ఆయన రాసినవీ, ఆయనకి వచ్చినవీ కలిపి దాదాపు 900 మిగిలాయి. సోమవారం ధైర్యంగా ఉన్నవాడు బుధవారానికి బెదిరిపోతాడు. ప్లూటార్క్ ఇదంతా జరిగిన సుమారు 150 నుంచి 250 ఏళ్లకి రాశాడు. సీజర్ తన యుద్ధాల గురించి తనే రాసుకున్నాడు. ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం రాశారో నీ నోట్సులో ప్రతి వాక్యం పక్కనా గుర్తు పెట్టుకో.

క్రీ.పూ. 59ని వదలొద్దు. సీజర్, బిబ్యులస్ ఇద్దరూ కాన్సల్స్. సీజర్ భూమి చట్టాన్ని ఆపడానికి బిబ్యులస్ ఫోరంకి, అంటే సభలు జరిగే నగర కూడలికి, వస్తే, నెత్తిన పేడ తట్ట కుమ్మరించారు. లిక్టర్ల బెత్తాలు విరిచేశారు. తర్వాత బిబ్యులస్ ఇంట్లోంచి కదల్లేదు. ఆకాశంలో శకునాలు చూస్తున్నాను, కాబట్టి ఏ సభా చెల్లదు అని లోపల్నుంచే కబురు పంపుతూ మిగిలిన ఏడాది గడిపాడు. రోమన్లు ప్రతి ఏడాదినీ ఇద్దరు కాన్సల్స్ పేర్లతో పిలిచేవాళ్లు. ఆ ఏడాదిని మాత్రం ఎగతాళిగా ‘జూలియస్, సీజర్ కాన్సల్స్‌గా ఉన్న ఏడాది’ అని చెప్పుకున్నారు.

నీ చివరి భాగం, సేనాని సైన్యంతో దాటకూడని సరిహద్దు అయిన రూబికాన్ నదిని సీజర్ దాటడంతో ముగుస్తుందని రాశావు. దాటించు, కానీ అక్కడ ముగించకు. క్రీ.పూ. 49 జనవరిలో సీజర్ సైన్యంతో దిగినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, తన తరఫున ‘వద్దు’ అన్న ట్రిబ్యూన్లని సెనేట్ బెదిరించి తరిమేసిందని. కొన్ని నెలలకే రోమ్‌లో ఖజానా డబ్బు కోసం అతనే వచ్చాడు. మెటెల్లస్ అనే ట్రిబ్యూన్ ఒక్కడు అడ్డంగా నిలబడి ‘వద్దు’ అన్నాడు. చంపేస్తానన్నాడు సీజర్. ‘కుర్రాడా, ఆ మాట అనడమే నాకు కష్టం, చేయడం కాదు’ అని కూడా అన్నాడట. మెటెల్లస్ పక్కకి తప్పుకున్నాడు. నది కంటే ఆ ఖజానా గుమ్మమే నీ కథకి దగ్గర.

ఇక కథ ఎవరి నోట చెప్పించాలా అని అడిగావు. సెనేటర్ కొడుకు వద్దు, వాడికి అన్నీ ముందే తెలుసు. ఆక్టేవియస్‌ని వేదిక మీంచి లాగేసినప్పుడు జనం అతని మీద పడ్డారు. అతను బతికి బయటపడ్డాడు గానీ, ముందు అడ్డుగా నిలబడిన సేవకుడి కళ్లు పీకేశారు. గొడవ విని ఆపడానికి టైబీరియస్ పరిగెత్తుకొచ్చేసరికే అది జరిగిపోయింది. ఆ సేవకుడి పేరు ప్లూటార్క్ రాయలేదు. చట్టం ఎవరిదో, భూమి ఎవరికి పోతుందో అతనికి సంబంధం లేదు, యజమాని ముందు నిలబడ్డాడంతే. అతనికో పేరు పెట్టు. చూపు పోయాక, జనం చప్పుళ్లూ, సభ అరుపులూ, యజమాని అడుగుల శబ్దమూ వింటూ ఆ ఏడాది మిగిలిన రోజులు ఎలా గడిపాడో రాసి పంపు. నెలాఖరులోగా అందితే సంతోషం.

ప్రేమతో,
మీ అన్నయ్య