ఈశ్వరి వేరు విషాన్ని విరుస్తుందా?

ప్రశ్న: శెనక్కాయలు పీకే రోజుల్లో మా చేలల్లో పాముల బెడద ఎక్కువ. నల్ల ఈశ్వరి వేరు నూరి తాగిస్తే విషం దిగుతుందని మా పెద్దాయన అంటాడు. మొక్కల్లో విరుగుడు ఉందని పరిశోధనలూ చెబుతున్నాయని తిరుపతిలో చదివే మా అమ్మాయి అంటోంది. ఎవరి మాట నిజం?
– ఓ రైతు, భాకరాపేట

జవాబు: అమ్మాయి మాటలో నిజముంది. అలాగని వేరు మాత్రం నూరకండి. రక్తపింజరి విషంలో కణాల పొరలను కొరికే ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము ఉంటుంది. ఈశ్వరిలోని అరిస్టొలోకిక్ ఆమ్లం దాన్ని అడ్డుకుంటుంది. కానీ ఆ ఆమ్లమే మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. రక్తపింజరి దెబ్బ అసలే మూత్రపిండాల మీద పడుతుంది. దాని మీద ఇదొకటి.

పరిశోధనలు చదివేటప్పుడు ఒక్కటి చూడమనండి. చాలావాటిలో విషాన్నీ మొక్క సారాన్నీ ముందే కలిపి, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఆ తర్వాత ఎలుకకు ఎక్కిస్తారు. అత్తిపత్తిలాంటి మొక్కల్లోని టానిన్లు (వగరు పదార్థాలు) ఏ ప్రోటీన్‌నైనా పాలు విరిగినట్టు విరగ్గొట్టి అడుగుకు దింపుతాయి. విషమూ చాలావరకు ప్రోటీనే కాబట్టి గొట్టంలోనే పని అయిపోతుంది. చేలో పాము అలా కలిపి కరవదు కదా! విషం ఎక్కించిన కొంతసేపటికి మందిచ్చినా ఎలుక బతికిందా అన్నదే అసలు పరీక్ష.

ఇంకో ముప్పుంది. నాగుపాము, కట్లపాము కాట్లలో గొంతు కండరాలు పడిపోతాయి. అప్పుడు పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రశ్న: అయితే మొక్కల నుంచి పాముకాటుకు పనికొచ్చే మందే రాలేదా? నన్నారి సంగతేమిటి?
– ఓ విద్యార్థి, చిత్తూరు

జవాబు: నన్నారి, అంటే సుగంధిపాల వేరు నుంచి తీసిన 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజోయిక్ ఆమ్లం రక్తపింజరి విషం మీద జంతువుల్లో కొంత పనిచేసింది. షర్బత్‌ను మాత్రం దాహానికే తాగండి.

వార్డులో నిజంగా వాడేవి వేరే ఉన్నాయి. నాగుపాము కాటుకు రెప్పలు వాలితే, విరుగుడు సూదితోపాటు పెద్దవాళ్లకు అట్రోపిన్ 0.6 మి.గ్రా., నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఇస్తారు. అట్రోపిన్ బెల్లడోనా మొక్కది, మన ఉమ్మెత్తకు చుట్టం. నియోస్టిగ్మిన్‌ను ఆఫ్రికాలోని ఓ విషపు చిక్కుడు గింజలో దొరికిన మందును చూసి తయారుచేశారు. కట్లపాము విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది కాబట్టి అక్కడ ఇది అంతగా పనిచేయదు.

ప్రశ్న: కాటు పైన తాడు బిగించాలా? పామును చంపి తీసుకెళ్లాలా?
– ఓ గృహిణి, పుత్తూరు

జవాబు: రెండూ వద్దు. తాడు బిగిస్తే కాలికి రక్తం ఆగుతుంది. విప్పగానే విషం ఒక్కసారిగా పైకి పాకుతుంది. కట్టుకు పేరుపడ్డ ఊరు మీది! ఇక్కడా అలాంటిదే కావాలి: విరిగిన ఎముకకు బద్దలు పెట్టినట్టు, కదలకుండా, వదులుగా. మెట్టెలు, ఉంగరాలు, కడియాలు వాపు రాకముందే తీసేయండి. నడిపించకండి. కరిచిన టైము గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేయండి. మన దగ్గర దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిందే, కాబట్టి పాముకోసం వెతుకుతూ టైము పోగొట్టుకోవద్దు.

ఆస్పత్రిలో 2 మి.లీ. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచితే రక్తం ఇంకా నీళ్లలా జారుతుంటే పింజరి విషం ఎక్కినట్టే. మామూలుగా విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్లో కలిపి గంటలో ఎక్కిస్తారు. కరిచేది చిన్నపిల్లల్ని కదా అని పాము విషం తగ్గించదు గనుక చిన్నపిల్లలకూ అదే మోతాదు. ఆరు గంటలకు మళ్లీ పరీక్ష. గొట్టం కొత్తది, పొడిది అయ్యుండాలి. ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా మంచి రక్తం కూడా గడ్డకట్టక తప్పుదారి పట్టిస్తుంది.