వేషం వేయడం వైద్యమవుతుందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయికి 19 ఏళ్లు, విజయవాడలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొదటి నుంచీ నోట్లో నాలుక లేని పిల్లవాడు; కండక్టరు చిల్లర ఇవ్వకపోతే అడగలేక బస్సు దిగి వచ్చేస్తాడు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం పటమటలో స్నేహితుడి ఫ్లాట్‌లో నలుగురైదుగురు చేరి, ఇరవై ముఖాల పాచికలు వేసుకుంటూ, తలా ఒక కల్పిత పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నారు. వాడి నోటుపుస్తకంలో వేరే పేరుతో ‘నేను’ అంటూ కోటను ముట్టడించినట్టు, మనుషులను చంపినట్టు రాసి ఉంది. అడిగితే ‘ఇది నాకు థెరపీ అమ్మా’ అంటాడు. ఇది జబ్బని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందని మా బావగారు అంటున్నారు. మాన్పించమంటారా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ బావగారి మాట చూద్దాం. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మత ఉన్న మాట నిజమే. అయితే అది వీడియో గేములకు, డిజిటల్ గేములకు సంబంధించినది. అక్కడ కూడా చదువు, నిద్ర, ఇల్లు దెబ్బతింటున్నా ఆట మానుకోలేని స్థితి సాధారణంగా 12 నెలల పాటు కొనసాగితేనే ఆ పేరు పెడతారు. వారానికొకసారి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ ఆడే ఆట ఆ కోవలోకి రాదు.

ఈ భయం కొత్తది కూడా కాదు. ఈ ఆటలన్నిటికీ పెద్దన్న లాంటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించారు. 1979లో మిచిగన్‌లో ఒక విద్యార్థి కనిపించకుండా పోయినప్పుడు పత్రికలు ఆ ఆటనే దోషిగా నిలబెట్టాయి. ఆ పిల్లవాడిని అసలు కుంగదీసినవి ఒంటరితనం, చదువు ఒత్తిడి అని తరువాత గాని తెలియలేదు.

పుస్తకంలోని ‘నేను’ మిమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినట్టుంది. విజయవాడకు దగ్గరలోనే ఉన్న కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా తెర మీదుగా జడ వేసి ‘నేను భామను’ అన్న భావాన్ని ఒలికించినప్పుడు, ఆయనకు ఏదో అయిందని ఎవరూ అనుకోలేదు. వేషం కట్టినవాడికి విప్పడం కూడా తెలుసునన్న నమ్మకం మనకు తరతరాలుగా ఉంది. ఒక్కొక్కసారి రంగు త్వరగా వదలదు, అంతే: ఆటలోని కోపమో దిగులో ఇంటి దాకా వస్తుంది. అది రాత్రికి సర్దుకుంటున్నదా, వారమంతా ఉండిపోతున్నదా అన్నది గమనించండి.

ఇక ‘థెరపీ’ అన్న మాట. ఇందులో మీ అబ్బాయిది సగం నిజం. మా మేనల్లుడి ఇంట్లో ఒకసారి ఈ ఆట చూశాను. ఆట నడిపించే కుర్రవాడు కోట కాపలావాడి గొంతుతో ‘ఎవరు నువ్వు, లోపల నీకేం పని?’ అని గద్దించాడు. ఎదుటి పిల్లవాడు పాచికను గుప్పిట్లో నలుపుతూ చాలాసేపు మాట్లాడలేదు. ఎవరూ తొందరపెట్టలేదు, నవ్వలేదు. చివరికి సూటిగా జవాబు చెప్పి పాచిక విసిరితే అది సోఫా కిందికి దొర్లింది, ఎంత పడిందో చూడటానికి అందరూ నేల మీద వంగారు. నోరు తెరిచి ఓడినా పోయేది ఒక పాచిక పందెమే అన్న ధీమా ఆ పిల్లవాడికి బయట ఎక్కడ దొరుకుతుంది?

ఆ ధీమా మేలు చేస్తుంది. అయినా అది చికిత్స కాదు. వియన్నాలో ఆశునాటకాలు ఆడించిన వైద్యుడు జాకబ్ మొరెనో ఆ అనుభవం నుంచి రూపొందించిన సైకోడ్రామా అనే నాటక చికిత్సలో, నటన ముగిశాక అందరూ కూర్చుని ఆ కథ తమలో దేన్ని తాకిందో పంచుకునే ఘట్టం తప్పక ఉంటుంది. వేన్ బ్లాక్‌మన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1994లో ప్రచురించిన వ్యాసంలో, ఒంటరితనంలో కూరుకుపోయిన ఒక యువకుడికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తోడ్పడిన తీరు చెప్పారు; అక్కడ కూడా ఆటలో జరిగిన సంగతులు వైద్యుడి గదిలోకి వచ్చి, అతని జీవితంతో ముడిపడ్డాయి. కాపలావాడి ముందు పెగిలిన గొంతు కండక్టరు ముందు ఎందుకు పెగలటం లేదని ఎవరో ఒకరు ఓపికగా అడగాలి, అదీ శిక్షణ ఉన్నవారు అడగాలి. పటమట స్నేహితులకు ఆ బాధ్యత లేదు, ఉండకూడదు కూడా.

కాబట్టి మాన్పించకండి. ఆ పుస్తకాన్ని దొంగచాటుగా చదవడం మాత్రం ఆపి, ‘నీ వీరుడు ఈ వారం ఏం చేశాడురా?’ అని వాడినే అడగండి. మొదట పొడిపొడిగా చెప్పవచ్చు. కాలేజీ ఎగ్గొట్టడం, నిద్ర మానడం, చావు ప్రస్తావన తేవడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: మా జూనియర్ కాలేజీలో పిల్లల బెరుకు పోగొట్టడానికి ఇలాంటి ఆట పెట్టవచ్చా?
— ఒక అధ్యాపకురాలు, విజయవాడ

జవాబు: పెట్టవచ్చు. పాత్రలు మాత్రం కల్పితంగానే ఉండాలి. ఇంట్లో తిట్లు తినే పిల్లవాడి చేత ఆ తిట్లనే మళ్లీ ఆడించడం శిక్షణ లేనివారు చేయవలసిన పని కాదు. వద్దన్న పిల్లలను పాచికలు లెక్కపెట్టడానికి కూర్చోబెట్టండి, మూడో వారానికి వాళ్లే వేషం అడుగుతారేమో చూడండి. గంట కొట్టగానే పంపించేయకుండా చివరి పది నిమిషాలు అట్టే పెట్టుకుని, ఒక్కొక్కరినీ పాత్ర పేరు విడిచి సొంత పేరుతో పిలిచి పలకరించండి.