జహేజ్ ఇచ్చాం కాబట్టి ఆస్తిలో భాగం లేదంటున్నారు

ప్రశ్న: మా అబ్బా రెండేళ్ల క్రితం చనిపోయారు. వీలునామా రాయలేదు. నాలుగెకరాల పొలం, ఒక ఇల్లు ఉన్నాయి. అమ్మీ, ఇద్దరు అన్నలు, నేను వారసులం. నా భాగం అడిగితే, "నీ నిఖాలో జహేజ్ (కట్నకానుకలు) ఇచ్చాం, ఆస్తి వద్దని అప్పుడే సంతకం పెట్టావు, అయినా షరియత్ ప్రకారం ఆడపిల్లకు పొలంలో హక్కు లేదు" అంటున్నారు. గట్టిగా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని టెన్షన్‌గా ఉంది. నాకు హక్కుందా?
- ఒక సోదరి, నంద్యాల

జవాబు: ఉందమ్మా. మీ అన్నలు షరియత్ పేరుతో చెబుతున్న మాట షరియత్‌కే విరుద్ధం.

ఇస్లాంకు ముందు అరేబియాలో ఆస్తి సాధారణంగా కత్తి పట్టగల మగవాళ్లకే దక్కేది. క్రీ.శ. 625లో మదీనా దగ్గర జరిగిన ఉహుద్ యుద్ధంలో సాద్ బిన్ రబీ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) చనిపోతే, ఆయన ఆస్తంతా ఆయన సోదరుడు తీసేసుకున్నాడు. సాద్ భార్య ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని ప్రవక్త ముహమ్మద్ దగ్గరికి వెళ్లి, చేతిలో ఏమీ లేకుండా వీళ్ల పెళ్లిళ్లు ఎలా అవుతాయని అడిగింది. ఆ తర్వాతే ఖురాన్‌లో వారసత్వపు ఆయతు (వాక్యం) వచ్చిందని హదీసులు (ప్రవక్త మాటలు, పనుల గురించిన ఉల్లేఖనాలు) చెబుతున్నాయి. ప్రవక్త ఆ సోదరుణ్ని పిలిపించి, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇమ్మన్నారు. మిగిలిందే అతనికి. తల్లిదండ్రులు వదిలివెళ్లినది కొంచెమైనా ఎక్కువైనా అందులో ఆడవాళ్లకూ భాగం ఉందని ఖురాన్ 4వ సూరా (అధ్యాయం) 7వ ఆయతు స్పష్టంగా చెబుతుంది. వాటా అడిగితే తప్పేమోనని కుమిలిపోయే సోదరీమణులకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. ఆ తల్లి అడిగింది, ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు.

ఇప్పటి కోర్టులు లెక్క కట్టేదీ ఆ వంతులతోనే. ముందు అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీసేయాలి. మీ అబ్బా మీ అమ్మీకి మెహర్ (నిఖాలో భార్యకు ఇస్తానని భర్త ఒప్పుకునే సొమ్ము) బాకీ ఉంటే అదీ అప్పే, పంపకం కన్నా ముందే తీర్చాలి. మీరు సున్నీల్లో హనఫీ అనే న్యాయ సంప్రదాయం పాటించేవాళ్లని, మీ దాదా దాదీ (తాత, నానమ్మ) బతికి లేరని అనుకుంటే, మిగిలిన ఆస్తిని 40 భాగాలు చేయాలి. మీ అమ్మీకి 5, అన్నలకు చెరో 14, మీకు 7. నాలుగెకరాల్లో మీకు వచ్చేది 70 సెంట్లు. ఇంట్లోనూ అదే వాటా. జహేజ్ ఇచ్చారన్న కారణంతో ఇందులోంచి ఒక్క సెంటు కూడా తగ్గదు.

ఇక పొలం మాట. 1937 నాటి షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. అయితే మద్రాసు రాష్ట్రం 1949లో చట్టాన్ని సవరించి ఆ మినహాయింపు తీసేసింది. నంద్యాల అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి మీ పొలానికీ అదే వర్తిస్తుంది. మీ అన్నలకు ఎవరో చట్టం సగమే చెప్పినట్టున్నారు.

జాగ్రత్తగా చూడాల్సింది ఆ సంతకం. ముస్లిం చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు, తండ్రి పోయాకే హక్కు పుడుతుంది. అందుకే ఆయన బతికుండగా వదులుకున్నానని రాసిచ్చినా మామూలుగా చెల్లదు. కానీ ఆ వాటాకు బదులుగా డబ్బో ఆస్తో తీసుకుని, ఆ మాట నమ్మి తండ్రి నడుచుకునేలా చేసిన వాళ్లు తర్వాత వాటా అడగలేకపోవచ్చని 1973లో సుప్రీంకోర్టు చెప్పింది. జహేజ్ ఇవ్వడం ఒక్కటే దానికి సరిపోదని నా అభిప్రాయం. కాగితంలో ఏం రాసి ఉందో చూడకుండా ఖాయంగా చెప్పడం కష్టం, ముందు దాని కాపీ సంపాదించండి. అలాగే అబ్బా బతికుండగానే ఆస్తిని తమకు హిబా (దానం) చేశారని అన్నలు అనొచ్చు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగి ఉంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా హిబా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అవి జరిగాయని రుజువు చేయాల్సింది వాళ్లే.

పాసుబుక్ అన్నల పేరు మీదికి మారినంత మాత్రాన మీ హక్కు పోదు. వాళ్లు అమ్మినా వాళ్ల భాగమే అమ్మగలరు. అయితే మీ హక్కును బహిరంగంగా కాదన్న రోజు నుంచి 12 ఏళ్లు దాటితే చిక్కే. ఆలస్యం చేయకండి.

వెంటనే దావా వేయాలని లేదు. కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. 1987 చట్టం కింద ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. వాళ్లు అన్నలను పిలిచి మాట్లాడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. వెళ్లేటప్పుడు అబ్బా మరణ ధ్రువపత్రం, పొలం రికార్డులైన అడంగల్, 1బి, ఇంటి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మీ అమ్మీ నిఖానామా (పెళ్లి పత్రం) తీసుకెళ్లండి. వీలైతే అమ్మీని కూడా తీసుకెళ్లండి. ఆమె 5 భాగాలు, మెహర్ గురించి కూడా అక్కడే తేల్చుకోవచ్చు.