చేతులు వణికితే గుండె సర్జన్ కాలేడా?

ప్రశ్న: మా అబ్బాయి మెడిసిన్ చదువుతున్నాడు. గుండె సర్జన్ అవుతానంటున్నాడు. కానీ టెన్షన్ పడితే వాడి చేతులు వణుకుతాయి. ఆ నేర్పు పుట్టుకతో రావాలేమో కదా డాక్టర్ గారూ? మీకెప్పుడూ చేతులు వణకవా?
– ఒక తల్లి

జవాబు: పుట్టుకతో రాదమ్మా. కొత్తలో అందరికీ వణుకుతాయి, నాకూ వణికాయి. అందుకే మొదట్లోనే ఎవరికీ గుండె అప్పగించరు. బైపాస్‌లో జూనియర్‌కి ఇచ్చేది గుండెలో అడ్డు దాటి రక్తం పోయే కొత్త దారి కోసం కాలి నుంచి సిర తీసే పని. పక్క కొమ్మలన్నీ ఓపిగ్గా కట్టాలి. ఒక్కటి వదిలేసినా, గుండెకు కుట్టాక అక్కడ రక్తం కారుతుంది. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమని దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. అది ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లుంటుంది. దారం వెంట్రుకంత సన్నం. గట్టిగా లాగితే తెగుతుంది, వదులైతే కారుతుంది. గాల్లో ఉంచితే ఎవరి చేయైనా కదులుతుంది. అందుకే మణికట్టు ఎక్కడో ఒకచోట ఆనించి కుడతాం. మీ అబ్బాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

టెన్షన్ మాత్రం పోదు. పొటాషియం కలిపిన చల్లటి ద్రవం ఎక్కించి గుండెను ఆపాక, గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషీన్ నడిపే పర్‌ఫ్యూజనిస్ట్ ఎంతసేపైందో చెబుతూ ఉంటారు. అది వింటూనే ఉండాలి, చేయి మాత్రం తొందరపడకూడదు. కుట్టడం అయ్యాక, గుండెకు రక్తం రాకుండా బిగించిన క్లాంప్ తీస్తే గుండె కండరంలోకి మళ్లీ రక్తం పారుతుంది. కొన్ని గుండెలు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెడతాయి, కొన్నిటికి చిన్న షాక్ ఇవ్వాలి. ఇన్నేళ్లయినా ఆ కాసేపు నాకు మాట రాదు.

వివియన్ థామస్ గురించి చదవమనండి. ఆయన వడ్రంగి పని చేసిన మనిషి, డాక్టర్ డిగ్రీ లేదు. గుండె లోపంతో ఒళ్లు నీలంగా మారే పసిపిల్లల ఆపరేషన్‌ను ల్యాబ్‌లో కుక్కల మీద చేసి చేసి కుదిర్చింది ఆయనే. 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ మొదటిసారి ఆ ఆపరేషన్ చేస్తుంటే, థామస్ వెనక స్టూలెక్కి నిలబడి దారి చెప్పారు. సాధనకున్న విలువ గురించి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం నాకు తెలీదు.

వణుకు గురించి బెంగ వద్దు. నేనైతే ఇంకొకటి అడుగుతాను. ఐసీయూలో పేషెంట్ ఛాతీకి పెట్టిన డ్రెయిన్ గొట్టంలోకి రక్తం ఎక్కువగా వస్తోందని అర్ధరాత్రి ఫోనొస్తే, విసుక్కోకుండా లేచి వెళ్లగలడా? స్నేహితులంతా స్థిరపడ్డాక కూడా సీనియర్ పక్కన నిలబడి నేర్చుకునే ఓపిక ఉందా? ఉంటే ఆపకండి. ముడులు వేయడం ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి. ముందు మామూలు దారంతో, తర్వాత తడి గ్లౌజులతో, రెండు చేతులతోనూ.