ప్రోగ్రామ్ ఉంది, తూకం అంకెలు మాయం: పీఎల్‌సీ బ్యాకప్ ఎలా?

ప్రశ్న: మా కర్మాగారంలో సంచులు నింపే యంత్రానికి ఓమ్రాన్ సీజే1-హెచ్ పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపించే చిన్న కంప్యూటర్) ఉంది. పండుగ సెలవుల తర్వాత కరెంటు ఇస్తే యంత్రం కదిలింది కానీ, బరువు సెట్టింగులన్నీ సున్నాలయ్యాయి. లాప్‌టాప్‌లో దాచిన ప్రోగ్రామ్‌ను మళ్లీ ఎక్కించినా ఫలితం లేదు. ఎందుకు?
– ఒక మెయింటెనెన్స్ టెక్నీషియన్, పటాన్‌చెరు

జవాబు: మీ ప్రోగ్రామ్ అసలు పోలేదు. అందుకే దాన్ని మళ్లీ ఎక్కించినా ఏమీ మారలేదు. సీజే1-హెచ్ తన ప్రోగ్రామ్‌ను, సెటప్ పారామీటర్లను ఫ్లాష్ మెమరీలో తానే రాసుకుంటుంది. రాస్తున్నంతసేపు ముందువైపు బీకేయూపీ దీపం వెలుగుతుంది, అప్పుడు మాత్రం కరెంటు తీయకండి. బ్యాటరీ అయిపోయినా ఇవి చెక్కుచెదరవు. బరువులు, ఆలస్యాల విలువలు, సంచుల లెక్క ఉండేది డీఎమ్ (డేటా మెమరీ) ఏరియాలో, అంటే డి00000 నుంచి డి32767 వరకు. ఎక్కువసేపు కరెంటు లేనప్పుడు వాటిని కాపాడేది బ్యాటరీ ఒక్కటే. సెలవుల్లో మీ బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

నా దృష్టిలో ప్రోగ్రామ్ కంటే ఈ అంకెలే విలువైనవి. ప్రోగ్రామ్ యంత్రం అమ్మినవారి దగ్గర దొరకవచ్చు. మీరు కాటా పక్కన నిలబడి, సంచి తర్వాత సంచి తూచి సరిదిద్దిన విలువ ఇంకెవరి దగ్గరా ఉండదు. పోయినవాటి కోసం ముందు షిఫ్టు పుస్తకం, ఆపరేటర్ తెరలోని రెసిపీలు (దాచిపెట్టిన సెట్టింగుల జాబితాలు) వెతకండి. అక్కడా లేకపోతే మళ్లీ తూచి పెట్టుకోవడమే దారి.

ఆ అంకెలు సరిపెట్టిన రోజునే బ్యాకప్ తీయండి. యంత్రాన్ని ఆపి తీయడం మేలు, నడుస్తుంటే విలువలు మారుతూనే ఉంటాయి. మెమరీ కార్డు పెట్టి, బ్యాటరీ అర లోపలి డిప్ స్విచ్‌లో (చిన్న స్విచ్‌ల వరుస) 7వ పిన్‌ను ఆన్ చేసి, కార్డు పవర్ స్విచ్‌ను 3 సెకన్లు నొక్కి పట్టుకోండి. ప్రోగ్రామ్, సెట్టింగులు, డీఎమ్ అన్నీ కలిసి కార్డులోకి వెళతాయి. ఎంసీపీడబ్ల్యూఆర్ దీపం ఆరిపోయేదాకా కార్డు తీయకండి. తర్వాత 7వ పిన్‌ను ఆఫ్ చేసి, అదే స్విచ్‌ను మరో 3 సెకన్లు నొక్కితే కార్డులోని సమాచారాన్ని పీఎల్‌సీలోని దానితో పోల్చి చూస్తుంది. ఈ పని ఎగ్గొట్టకండి. సరిచూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను.

కార్డు లేకపోతే ఓమ్రాన్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ సీఎక్స్-ప్రోగ్రామర్‌లో పీఎల్‌సీ మెమరీ విండో తెరిచి, డీఎమ్‌ను లాప్‌టాప్‌లోకి తెచ్చి సేవ్ చేయండి. ప్రోగ్రామ్ ఒక్కటే దించుకుంటే మళ్లీ మీకు ఎదురైన కష్టమే వస్తుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు 7వ పిన్ ఆన్‌లో ఉంచి కరెంటు ఇస్తే కార్డులోని విలువలు పీఎల్‌సీలో ఉన్నవాటి మీద పడతాయి. పాత కార్డు పెడితే నిన్న సరిచేసిన అంకె కూడా పోతుంది. అందుకే కార్డు మీద తేదీ రాయండి. పని ముగిశాక కరెంటు తీసి, పిన్‌ను ఆఫ్ చేసి, మళ్లీ ఇవ్వండి.

ఇక బ్యాటరీ. దాని ఆయువు 25 డిగ్రీల దగ్గర 5 ఏళ్లు. మన వేసవిలో, మూసిన ప్యానెల్‌లో అంతకాలం వస్తుందని నమ్మకండి. లోపాలను సూచించే ఈఆర్‌ఆర్/ఏఎల్ఎం దీపం మినుకుమంటే, అది బ్యాటరీ హెచ్చరికేనా అని అదే రోజు చూడండి. మార్చేముందు పీఎల్‌సీని కనీసం 5 నిమిషాలు కరెంటు మీద ఉంచి, తర్వాత కరెంటు తీసి, 5 నిమిషాల్లోపు కొత్తది పెట్టేయాలి. స్క్రూడ్రైవర్, కొత్త బ్యాటరీ చేతికి అందేలా పెట్టుకున్నాకే పాతదాన్ని లాగండి.